రెండు నక్షత్రాలు, ఒక కోరిక

ఆర్జిత సెలవులను పైసా పైసా కూడబెట్టినట్లు కూడబెట్టుకొనే అలవాటు మన సంస్థలో చాలామందికి ఉన్నది. ఇల్లు కట్టుకొనేటప్పుడో, పిల్లల పెండ్లిండ్లకో అక్కరకు వస్తాయని దాచుకొంటాము. మేమూ అలా దాచుకొన్నవారమే. వాటిలో ఎనభై రోజులను 2024 నవంబరులో ఒక్కసారిగా ఖర్చు చేశాము. కారణం మా అమ్మాయి రెండవ పురుడు. అల్లుడుగారి ఉద్యోగరీత్యా వారు ఆ సంవత్సరం వేసవిలోనే హైదరాబాదు నుండి స్కాట్లాండులోని అబర్డీన్ నగరానికి తరలివెళ్ళారు. పురుటి సమయానికి తల్లి దగ్గర ఉండాలి కనుక మా శ్రీమతి ప్రయాణం తప్పనిసరి. ఆమెకు తోడుగా మా ప్రయాణం.

విదేశాలకు వెళ్ళి వచ్చినవారు కోటల గురించి, సరస్సుల గురించి, వంతెనల గురించి వ్రాయడం పరిపాటి. మేము వాటిని చూడలేదని కాదు. కాని ఆ దినాలలో మా మనస్సుపై చెరగని ముద్ర వేసినది ఒక ప్రాథమిక పాఠశాల. అయిదేళ్ళ మా మనుమరాలిని ప్రతిదినం చేయిపట్టుకొని బడికి తీసుకువెళ్ళడం, సాయంత్రం తిరిగి ఇంటికి చేర్చడం మాకు అప్పగించిన విధి. అక్కడ మేము చూచినదీ, నేర్చినదీ, అన్నిటినీ మించి మా తప్పు ఒకటి మాకు తెలియవచ్చిన తీరూ సహోద్యోగులతోను, వారి కుటుంబాలతోను పంచుకోవాలని ఈ చిన్న ప్రయత్నం.

అబర్డీన్ ఉత్తర సముద్రతీరాన ఉన్న ఓడరేవు. ఇళ్ళు, చర్చిలు, కార్యాలయాలు చాలావరకు బూడిదవన్నె గ్రానైటుతో కట్టినవే. వాన వెలిసి ఎండ పొడచూపిందంటే ఆ రాళ్ళలోని అభ్రకం తళతళ మెరుస్తుంది. 1970లో అక్కడి సముద్రగర్భంలో ఫోర్టీస్ చమురుక్షేత్రం బయటపడిన పిదప ఆ నగరం చమురు పరిశ్రమకు కేంద్రమైంది. మన ఇంజనీర్లు కొందరు సంసారాలతో అక్కడకు చేరడానికి కారణం అదే. యాభైఏడవ అక్షాంశం మీద ఉన్న ఊరు కావడంవల్ల డిసెంబరులో ఉదయం ఎనిమిదిన్నర దాటితే గాని సూర్యోదయం కాదు. మధ్యాహ్నం మూడున్నరకే అస్తమయం. బడికి వెళ్ళేటప్పుడు వీధిదీపాలు, తిరిగి వచ్చేటప్పుడూ వీధిదీపాలే. ఆ చీకటిలో, ఆ చలిలో, మెరిసే పట్టీలు కుట్టిన కోట్లు తొడుక్కొని కేరింతలు కొడుతూ బడికి పరుగెత్తే పసివాళ్ళను చూచినప్పుడు, వీరిని అంతగా లాగుతున్నది ఏమిటా అని మాకు ఆశ్చర్యం కలిగేది.

మా మనుమరాలు మాత్రం పరుగెత్తేది కాదు. గుమ్మం దగ్గర మా వేలు విడిచేందుకు ఒక్క క్షణం తటపటాయించేది. ఆగస్టులో బడిలో చేరిన ఆ పిల్ల నవంబరు వచ్చినా తరగతిలో నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడలేదట. మేము చేరిన మరునాడే అమ్మాయి మమ్మల్ని పక్కకు పిలిచి, "నాన్నగారూ, మీరూ అమ్మా పాపతో ఇంగ్లీషులోనే మాట్లాడండి. తెలుగు కలిపితే తికమక పడుతుంది. మేమిద్దరం కూడా ఇంట్లో తెలుగు మానేశాం" అన్నది. బిడ్డ మేలు కోరి తల్లి చెప్పిన మాట కదా అని మేము తల ఊపాము. మా శ్రీమతికి ఇంగ్లీషు అంతంతమాత్రం కావడం చేత అమ్మమ్మా మనుమరాలూ సైగలతో కాలక్షేపం చేయవలసి వచ్చింది.

బడి దారిలో ఒక కూడలి ఉన్నది. చివర గుండ్రని బిళ్ళ అమర్చిన పొడవాటి కర్ర పట్టుకొని, పిల్లలను రోడ్డు దాటించే వృద్ధుడు ఒకరు అక్కడ నిలబడేవారు. కర్ర ఆకారాన్ని బట్టి ఆ ఉద్యోగం చేసేవారిని లాలీపాప్ మనిషి అంటారు. మొదటిరోజు ఆయన మమ్మల్ని చూచి, "ఫిట్ లైక్?" అన్నారు. మా ఆరోగ్యం గురించి అడుగుతున్నారు కాబోలనుకొని, రక్తపోటు అదుపులోనే ఉన్నదని సవినయంగా మనవి చేశాము. ఆయన పకపక నవ్వారు. ఆ ప్రాంతపు మాండలికాన్ని డోరిక్ అంటారనీ, అందులో 'వాట్' అనవలసిన చోట 'ఫిట్' అంటారనీ, 'ఎలా ఉన్నారు' అని అడగడమే ఆ పలకరింపు అనీ, బాలికను 'క్వైన్' అనీ బాలుడిని 'లూన్' అనీ పిలుస్తారనీ క్రమంగా తెలిసింది. ముప్పది ఏళ్ళుగా ఇంగ్లీషులో నివేదికలు వ్రాస్తున్న మాకే ఆ భాష కొరుకుడు పడకపోతే, హైదరాబాదులో నర్సరీ చదువుకొన్న పసిపిల్ల మౌనం వహించడంలో వింత ఏమున్నది?

నవంబరు చివరలో ఒక మధ్యాహ్నం తల్లిదండ్రులను, తాతలను, అమ్మమ్మలను తరగతిలోకి ఆహ్వానించారు. నిండు నెలలతో ఉన్న అమ్మాయి, మేమూ వెళ్ళాము. అక్కడి ప్రాథమిక విద్య ప్రైమరీ ఒకటి నుండి ఏడు వరకు. నాలుగున్నర, అయిదున్నర ఏళ్ళ మధ్య పిల్లలు మొదటి తరగతిలో చేరుతారు. స్థానిక పాలకమండలి నడిపే సర్కారు బడి కనుక రుసుము లేదు. మొదటి అయిదు తరగతులకు మధ్యాహ్న భోజనం కూడ ఉచితమే. డాక్టరు బిడ్డ, డ్రైవరు బిడ్డ ఒకే బల్ల మీద కూర్చొని తింటారు.

తరగతిలో వరుస బెంచీలు లేవు. మధ్యలో తివాచీ, ఒక మూల ఇసుక తొట్టి, మరొక మూల నీళ్ళ తొట్టి, చెక్క దిమ్మెలు, చిన్న అంగడి. బయట ఆవరణలో బురదతో వంట వండే 'వంటగది'. వాన పడినా మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడిగి పిల్లలను బయటకు పంపుతారు. ఇది చదువా, ఆటా అని మాలోని ఇంజనీరు ప్రశ్నించాడు. మేము 1972లో శ్రీకాకుళం జిల్లాలోని మా ఊరి బడిలో పలకా బలపంతో చేరినవారము. ఇరవయ్యో ఎక్కం వరకు అప్పజెప్పనివాడికి గోడకుర్చీ, ఎదురు తిరిగినవాడికి కోదండం. ఆ విధంగా నేర్చిన ఎక్కాలు నేటికీ మా నాలుక మీద ఉన్నాయి.

మా సందేహం గ్రహించినట్లు ఉపాధ్యాయిని మా మనుమరాలి ముందు ఒక చట్రం పెట్టారు. పైన అయిదు గళ్ళు, కింద అయిదు గళ్ళు. పాప అందులో ఏడు బిళ్ళలు పేర్చింది. పక్కన మరొక చట్రంలో అయిదు బిళ్ళలు. మొత్తం ఎన్ని అని అడిగారు. పాప వ్రేళ్ళు లెక్కపెట్టలేదు. రెండవ చట్రంలోనుండి మూడు బిళ్ళలు తీసి మొదటి చట్రంలోని మూడు ఖాళీలు నింపింది. పది పూర్తయింది, రెండు మిగిలాయి. చట్రాలు చూపి వ్రేలితో బల్ల మీద 12 అని గీసింది. ఉపాధ్యాయిని "సరే" అనలేదు, "తప్పు" అనలేదు. "ఎలా చేశావో చూపించు" అన్నారు. పాప బిళ్ళలన్నీ తీసివేసి మళ్ళీ మొదటినుండి చేసి చూపించింది. ఒక్క మాట మాట్లాడకుండా ఒక సిద్ధాంతాన్ని నిరూపించిన విద్యార్థిని మేము అంతకు ముందు చూడలేదు.

2010 నుండి స్కాట్లాండు బడులలో అమలైన పాఠ్యప్రణాళిక పేరు కరిక్యులం ఫర్ ఎక్సలెన్స్. విజయవంతంగా నేర్చుకొనేవారు, ఆత్మవిశ్వాసం గలవారు, బాధ్యత గల పౌరులు, సమాజానికి తమవంతు సమర్పించేవారు కావాలని నాలుగు లక్ష్యాలు పెట్టుకొన్నారు. అంతా ఆదర్శప్రాయమే అని మేము అనడం లేదు. అంతర్జాతీయంగా పదిహేనేళ్ళ పిల్లలకు జరిపే పీసా పరీక్షలో స్కాట్లాండు గణిత సగటు 2018లో 489 ఉండగా 2022లో 471కి తగ్గింది. దానిపై అక్కడ తర్జనభర్జనలు సాగుతూనే ఉన్నాయి. ఎక్కాల పట్ల మా అభిమానం కూడ తగ్గలేదు. కాని 'జవాబు ఎంత' అని కాక 'ఎలా వచ్చింది' అని అడిగే ఆ ప్రశ్న మాత్రం మమ్మల్ని ఆలోచింపజేసింది.

బయలుదేరబోతుండగా ఉపాధ్యాయిని ఒక గోడ చూపించారు. తరగతిలోని పిల్లల ఇంటి భాషలన్నిటిలోను పలకరింపు మాటలు అక్కడ అతికించి ఉన్నాయి. పోలిష్ ఉన్నది, అరబిక్ ఉన్నది, మలయాళం ఉన్నది, డోరిక్ వారి 'ఫిట్ లైక్' కూడ ఉన్నది. తెలుగు చోటు ఖాళీ. ఒక అట్టముక్కా, రంగుకలమూ మా చేతికిచ్చి వ్రాయమన్నారు. మేము గుండ్రంగా 'నమస్కారం' అని వ్రాశాము. పాప దానివైపు విప్పారిన కన్నులతో చూచింది. అమ్మాయి కూడ చూచి, మెల్లగా మా చెవిలో, "ఏమి వ్రాశారు నాన్నగారూ?" అన్నది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు మా గొంతు పూడుకొనిపోయింది. తెలుగుగడ్డ మీద పుట్టి, తెలుగు తల్లిదండ్రుల ఇంట పెరిగిన ముప్పదిరెండేళ్ళ విద్యావంతురాలు 'నమస్కారం' అన్న మాటను చదవలేకపోయింది. తప్పు ఆమెది కాదు.

1998లో మా అమ్మాయికి ఆరేళ్ళు. అప్పట్లో మేము ఉన్న ఊరిలో పేరుపొందిన ఒక ఇంగ్లీషు మీడియం బడిలో చేర్పించాము. ఆవరణలో తెలుగుమాట వినిపిస్తే మాటకు రూపాయి జరిమానా. ఒకనాడు పిల్ల ఏడుస్తూ వచ్చింది. దాహం వేసి 'నీళ్ళు' అన్నదట, రూపాయి కట్టమన్నారట. మేము రూపాయి ఇచ్చి, కన్నీళ్ళు తుడిచి, "ఇకమీదట ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడు తల్లీ, అప్పుడు బడిలో పొరపాటు రాదు" అని హితవు చెప్పాము. పొరపాటును మూలంలోనే నివారించామని సంతోషించాము కూడ. రెండవ భాషగా హిందీ ఇప్పించాము. మాట్లాడే తెలుగు మా శ్రీమతి పుణ్యమా అని మిగిలింది గాని అక్షరం మాత్రం రాలేదు.

దాని ఫలితం 2010లో తెలిసింది. ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో అమ్మాయి హాస్టలులో ఉండగా, అయిదవ తరగతి వరకు చదువుకొన్న మా తల్లిగారు ఊరినుండి మనుమరాలికి స్వహస్తాలతో ఒక ఉత్తరం వ్రాశారు. అమ్మాయి దానిని గది స్నేహితురాలిచేత చదివించుకొన్నది. ఆ సంగతి నవ్వుతూ ఫోనులో చెబితే మేమూ నవ్వాము. మా తల్లిగారు 2013లో పరమపదించారు. 'పాపతో ఇంగ్లీషులోనే మాట్లాడండి' అని అబర్డీనులో అమ్మాయి మాకు చెప్పిన మాట, పరిశీలించి చూస్తే, 1998లో మేము ఆమెకు చెప్పిన మాటే.

ఉపాధ్యాయినికి మా సంభాషణ భాష తెలియకపోయినా భావం అర్థమైనట్లున్నది. ఆమె అమ్మాయిని కూర్చోబెట్టి చెప్పిన సారాంశం ఇది: పిల్ల మాట్లాడకపోవడం అంటే నేర్చుకోకపోవడం కాదు, వింటున్నది. ఇంటి భాష ఆపవద్దు. ఒక భాషలో కథ చెప్పగలిగిన బిడ్డ రెండవ భాషలో మాట వెదుక్కొంటుంది. ఏ భాషలోనూ కథ లేని బిడ్డకు వెదకడానికి ఏమీ ఉండదు. ఆ రాత్రి చాలారోజుల తరువాత ఆ ఇంట్లో మా శ్రీమతి మనుమరాలికి తెలుగులో కథ చెప్పింది. పాప పొట్టపట్టుకొని నవ్విన శబ్దం మేము పక్కగదిలోనుండి విన్నాము.

మరునాడు కూడలిలో లాలీపాప్ పెద్దమనిషితో ఈ మాట ముచ్చటించగా, ఆయన చేతితొడుగు తీసి అరచేయి చూపించారు. 1960వ దశకంలో ఆయన చదువుకొన్న బడిలో 'యెస్' అనడానికి బదులు ఇంటి అలవాటున 'ఐ' అన్నందుకు తోలుపట్టీతో కొట్టారట. టాజ్ అని పిలిచే ఆ పట్టీ చివర చీలికలుగా కోసి ఉంటుంది. ఫైఫ్ ప్రాంతంలోని లాక్‌గెల్లీ అనే ఊరిలో తయారైనవి దేశమంతటా పేరు మోశాయి. ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం 1982లో ఇద్దరు స్కాటిష్ తల్లుల పక్షాన తీర్పు చెప్పిన పిదప, 1987 నుండి సర్కారు బడులలో ఆ దండన నిషిద్ధమైంది. మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆ పని చేసింది.

చదువు విషయంలో స్కాట్లాండుది పాత చరిత్ర. ప్రతి చర్చి పరిధిలోను ఒక బడి ఉండాలని 1696లోనే అక్కడ చట్టం చేశారు. 1872లో అయిదు నుండి పదమూడేళ్ళ వరకు చదువు నిర్బంధమైంది. అయితే ఆ 1872 చట్టంలో ఉత్తర కొండప్రాంతాల వారి గేలిక్ భాషకు చోటు లేకపోయింది. కొన్ని బడులలో గేలిక్ మాట్లాడిన పిల్లవాని మెడలో కర్ర వ్రేలాడదీసేవారట. అటువంటి దేశంలోనే 1985లో గ్లాస్గో, ఇన్వర్నెస్ నగరాలలో గేలిక్ మాధ్యమంలో ప్రాథమిక తరగతులు మొదలయ్యాయి. 2025లో స్కాట్లాండు పార్లమెంటు గేలిక్, స్కాట్స్ భాషలు రెండింటికి అధికార హోదా కల్పిస్తూ చట్టం చేసింది. మెడలో కర్ర వేసిన చేతులే పలక చేతికి ఇవ్వడానికి వంద సంవత్సరాలకు పైగా పట్టింది.

డిసెంబరు వచ్చింది. బడి అంతా పండుగ సందడి. క్రీస్తు జననాన్ని చిన్నపిల్లలు నాటకంగా ప్రదర్శించారు. ఆ తరగతిలో ఒక్క బిడ్డ కూడ వేషం లేకుండా మిగలలేదు. మా మనుమరాలు గొర్రెపిల్ల. మాటలు లేని పాత్ర అని అమ్మాయి కొంత చిన్నబుచ్చుకొన్నది గాని, గొర్రెపిల్ల మాత్రం దూదిచెవులు సర్దుకొంటూ మహాగంభీరంగా నటించింది. ఒకరోజు పండుగ బొమ్మలల్లిన ఊలుస్వెట్టర్లతో బడికి రమ్మన్నారు. మరొకరోజు కాగితపు కిరీటాలు ధరించి పిల్లలందరూ విందు భోజనం చేశారు. మా పాపకు శాకాహారం వేరుగా వడ్డించారు.

అన్నిటికంటె మాకు నచ్చినది నృత్యం. కేలీ అని పిలిచే జానపద నృత్యాలను డిసెంబరులో వ్యాయామ తరగతిలో నేర్పుతారు. గే గోర్డన్స్ అనే నృత్యంలో జంటలు చేతులు కలిపి నాలుగడుగులు ముందుకు, వెనుదిరిగి మరి నాలుగడుగులు వెనక్కు వేస్తూ వలయంగా తిరుగుతారు. కర్రలు లేవన్నమాటే గాని మన కోలాటమే. ప్రతి మొదటి తరగతి బిడ్డకు ఏడవ తరగతి విద్యార్థి ఒకరు 'బడ్డీ'గా ఉంటారు. మా పాప బడ్డీ పదకొండేళ్ళ పొడవాటి బాలిక. ఆ అమ్మాయి నడుము దాకా వంగి మా పాపతో అడుగులు వేయించడం చూస్తే, ఏ అధికారి ఉత్తర్వూ లేకుండా బాధ్యత ఎలా అలవడుతుందో అర్థమైంది.

ఆ పండుగ సెలవులకు ముందే మా ఇంట మనుమడు పుట్టాడు. పథ్యపు వంటలు, పసివాని స్నానాలు, నిద్రలేని రాత్రులతో కొత్త సంవత్సరం తెలియకుండానే ప్రవేశించింది.

జనవరిలో బడి తెరిచిన వారానికే పాప సంచిలో ఒక కాగితం వచ్చింది. స్కాట్లాండు జాతీయకవి రాబర్ట్ బర్న్స్ 1759 జనవరి 25న జన్మించాడు. మట్టి ఇంట్లో పుట్టి, పొలం దున్నుతూ కవిత్వం చెప్పి, 1789 నుండి ఎక్సైజు శాఖలో ఉద్యోగం చేసి, ముప్పదిఏడవ ఏట 1796లో కన్నుమూశాడు. మనవలె సర్కారు జీతం తీసుకొన్నవాడని తెలిసి మాకు ఆయన మీద మరింత ఆత్మీయత కలిగింది. జనవరి మాసంలో పిల్లలందరూ స్కాట్స్ భాషలో పద్యం కంఠస్థం చేసి అప్పజెప్పడం అక్కడి బడులలో ఆనవాయితీ. ఒకప్పుడు ఏ నుడికారానికి తోలుపట్టీ తగిలిందో, ఆ నుడికారంలోనే!

మా పాపకు వచ్చినది గ్లాస్గో కవి విలియం మిల్లర్ 1841లో ప్రచురించిన 'విల్లీ వింకీ' పాట. పిల్లలు పడుకొన్నారా లేదా అని రాత్రిపూట ఊరంతా తిరిగే బుల్లి మనిషి కథ అది. అమ్మాయికి, అల్లుడుగారికి, మాకు ఎవరికీ ఆ పలుకుబడి తెలియదు. చివరికి కూడలిలో లాలీపాప్ తాతగారే గురువయ్యారు. రోజూ రోడ్డు దాటే ముందు ఒక మాట. 'టౌన్' కాదు 'టూన్', 'డౌన్' కాదు 'డూన్'. పాప ఆ మాటలు వల్లిస్తూ నడిచేది. మా చేయి విడిచి ముందు నడవడం మొదలుపెట్టినది కూడ ఆ రోజులలోనే.

జనవరి మూడవ వారంలో సభ జరిగింది. పిల్లలు గళ్ళగళ్ళ టార్టన్ బట్టలతో వచ్చారు. పెద్దతరగతి బాలుడు బర్న్స్ 1785లో వ్రాసిన 'టు ఎ మౌస్' చదివాడు. నాగలి తగిలి గూడు చెదిరిన ఎలుకను రైతు క్షమాపణ వేడే కవిత అది. పిదప మా పాప వంతు. వేదిక ఎక్కింది. మొదటి రెండు పంక్తులు ధాటిగా చెప్పింది. మూడవది రాలేదు. ఆ హాలులో రెండువందల కన్నులు ఆ చిన్న ముఖం మీద. మా చేతులు చెమటలు పట్టాయి. మా చిన్ననాటి బడిలో అయితే ఈపాటికి బెత్తం లేచేది. ఇక్కడ ఎవరూ నవ్వలేదు, ఎవరూ అందించలేదు. నిశ్శబ్దంగా వేచి ఉన్నారు. అంతలో వెనుక వరుసలోనుండి బడ్డీ పిల్ల పిడికిలి బిగించి గాలిలో తలుపు తట్టినట్లు అభినయించింది. పాప ముఖం వెలిగింది. మళ్ళీ మొదటినుండి అందుకొని చివరిదాకా గొంతెత్తి చెప్పి దిగింది. అమ్మాయి ఒడిలోని పసివాడిని గుండెకు హత్తుకొని ఏడ్చేసింది. మా సంగతి వ్రాయనక్కరలేదు.

ఆనాటి భోజనంలో హాగిస్ వడ్డించారు. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు తరిగి ఓట్లతో, ఉల్లితో కలిపి ఉడికించే వంటకం. తోడుగా దుంపకూరలు రెండు. పప్పుధాన్యాలతో చేసే శాకాహారపు హాగిస్ కూడ ఉన్నది. ఇంటికి తెచ్చిన ఆ ముద్దను మా శ్రీమతి రుచి చూచి, తాలింపు వేస్తే బాగుండేదని అభిప్రాయపడింది.

సాయంత్రం పాప చేతిలో ఉపాధ్యాయిని వ్రాసిన చీటీ ఉన్నది. అక్కడ పిల్లల పనిని చూచి మార్కులు వేయరు. రెండు నక్షత్రాలు గీసి రెండు మంచి విషయాలు వ్రాస్తారు. ఒక కోరిక వ్రాస్తారు. పాప చీటీలో మొదటి నక్షత్రం, 'నీ గొంతు హాలంతా వినిపించింది'. రెండవది, 'మరచిపోయినా మళ్ళీ మొదలుపెట్టావు'. కోరిక, 'నీ ఇంటి భాషలో ఒక పాట మాకు వినిపిస్తావా?'

మేము తిరుగుప్రయాణమయ్యే ముందురోజు పాప తన తరగతిలో చందమామ పాట పాడింది. నేర్పినది అమ్మమ్మ అని ఈ వ్యాసం చదివేవారు అనుకోవచ్చు. కాదు, అమ్మాయే పక్కన కూర్చోబెట్టుకొని నేర్పింది. పిల్లవాడిని జోకొడుతూ అదే పాట పాడింది.

తిరిగి వచ్చి మేము మళ్ళీ నాణ్యతాపరిశీలన విభాగంలో మా కుర్చీలో కూర్చొన్నాము. ఇన్నేళ్ళుగా మేము వ్రాసిన తనిఖీ నివేదికలు తిరగవేస్తే అన్నీ లోపాల పట్టికలే. లోహానికి అది చాలును. మనిషికి చాలదు. కొత్తగా చేరిన శిక్షణ ఇంజనీర్ల పనిమీద వ్యాఖ్య వ్రాసేటప్పుడు ఇప్పుడు ముందుగా రెండు మంచి విషయాలు వెదుకుతున్నాము. వెదికితే దొరుకుతున్నాయి. దిద్దవలసినది ఒకటే వ్రాస్తే ఆ ఒక్కటీ నిజంగానే దిద్దుకొంటున్నారు.

మన టౌన్‌షిప్‌లోని యువ దంపతులకు ఒక విన్నపం. పిల్లలకు ఇంగ్లీషు వద్దని మేము అనము. ఆ భాష మాకు అన్నం పెట్టింది. కాని ఇంగ్లీషు కొరకు ఇంటిభాషను బిడ్డ నోటినుండి తీసివేయనవసరం లేదు. రెండూ ఒకే నాలుక మీద హాయిగా ఉంటాయి. మేము రూపాయి జరిమానా కట్టి కొన్న నష్టం మీరు కొనకండి.

2025 ఫిబ్రవరి నుండి ప్రతి ఆదివారం వీడియో ద్వారా మేము తెలుగు అక్షరాలు చెబుతున్నాము. విద్యార్థినులు ఇద్దరు, తల్లీ కూతురూ. కూతురు త్వరగా నేర్చుకొంటున్నది. తల్లికి 'ఖ', 'ఘ'ల దగ్గర కొంత ఇబ్బంది. పాఠం చివర ఇద్దరికీ రెండేసి నక్షత్రాలు, ఒక్కొక్క కోరిక.

ఆ సంవత్సరం ఆగస్టులో ఒక ఆదివారం అమ్మాయి పాఠానికి బదులు పాత ఉత్తరం ఒకటి తెర ముందుకు తెచ్చింది. 2010లో మా తల్లిగారు వ్రాసినది. పదిహేనేళ్ళుగా దానిని తన ధ్రువపత్రాల మధ్య దాచుకొన్నదని మాకు తెలియదు. ఏడు పంక్తుల ఉత్తరాన్ని కూడబలుకుకొంటూ చదవడానికి పావుగంట పట్టింది. ఆవకాయ పంపుతున్నాననీ, వేళకు తినమనీ, తలకు నూనె రాసుకోమనీ ఉన్నది. చివరి పంక్తి, 'నీ చేత్తో జవాబు రాయి తల్లీ'.

మరునాటి ఉదయం మా ఫోనుకు ఒక చిత్రం వచ్చింది. గీతల కాగితం మీద, వంకర టింకరగా, రెండు తప్పులతో మూడు పంక్తులు. 'నానమ్మా' అని మొదలు. మా శ్రీమతి దానిని అచ్చుతీయించి దేవుని గదిలో పెట్టింది. మేము ఆ కాగితం అంచున రెండు నక్షత్రాలు గీశాము. కోరిక వ్రాయవలసిన చోట వ్రాయడానికి ఏమీ తోచలేదు.